బహిరంగ లేఖ: రియాక్టరు డిజైన్‌కు త్వరగా ముద్ర వేయండి, డెల్టా నేలను మాత్రం తొందరపడి దాటేయకండి

గౌరవనీయులైన కేంద్ర అణుశక్తి శాఖ సహాయ మంత్రి గారికి,

నమస్కారాలు.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త అణుశక్తి చట్టం ‘శాంతి’ (SHANTI)తో 1962 నాటి అణుశక్తి చట్టం, 2010 నాటి అణు నష్టపరిహార చట్టం రెండూ రద్దయ్యాయి. ప్రైవేటు కంపెనీలు రియాక్టర్లు కట్టి నడుపుకునే వీలు కలిగింది. 1983 నవంబరు నుంచి ప్రభుత్వ ఉత్తర్వు ఆధారంగానే నడుస్తూ వచ్చిన అణుశక్తి నియంత్రణ మండలికి చట్టబద్ధ హోదా దక్కింది. అంతకు ముందే 2025–26 బడ్జెట్‌లో చిన్న మాడ్యులర్ రియాక్టర్ల (ఫ్యాక్టరీలో భాగాలుగా తయారుచేసి స్థలంలో బిగించేవి) పరిశోధనకు 20,000 కోట్ల రూపాయలు ప్రకటించారు. 2033 నాటికి కనీసం 5 చిన్న రియాక్టర్లు నడవాలనీ, 2047 నాటికి అణు విద్యుత్తు 100 గిగావాట్లకు చేరాలనీ లక్ష్యం పెట్టుకున్నారు. ఇక మిగిలింది నియమాలు. రియాక్టరు ఎంత త్వరగా వస్తుందో, ఎంత భద్రంగా నడుస్తుందో తేల్చేవి అవే. వాటి గురించే ఈ లేఖ.

మేము గోదావరి డెల్టాలో ఉంటున్న ఇంజినీర్లం, భూగర్భ శాస్త్రం చదివినవాళ్లం, ఆక్వా రంగంలో పనిచేస్తున్న సాంకేతిక నిపుణులం. మా జిల్లాలకు రియాక్టరు ఇవ్వండనో, వద్దనో అడగడం లేదు. మాకు ఉత్తరాన శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో 1208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెట్టాలన్న ప్రతిపాదన ఏళ్లుగా ఉంది. విశాఖలోని భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) ఆవరణలో హైడ్రోజన్ తయారీ కోసం 5 మెగావాట్ల ఉష్ణ సామర్థ్యంతో అధిక ఉష్ణోగ్రత గ్యాస్ రియాక్టరు కట్టాలని అనుకుంటున్నారు. డెల్టా విషయానికే వస్తే, కృష్ణా–గోదావరి గ్యాస్‌ను నమ్ముకుని వేమగిరి, జేగురుపాడు, సామర్లకోటల్లో కట్టిన విద్యుత్ కేంద్రాలు గ్యాస్ చాలక ఏళ్లతరబడి పడకేశాయి. భూమి, స్విచ్‌యార్డు, లైన్లు ఉన్నాయి కదా, అలాంటి చోట చిన్న రియాక్టరు పెడితే పోలా అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. కాకినాడ తీరంలో అమ్మోనియా, హైడ్రోజన్ పరిశ్రమలు పెరిగితే వాటికి కరెంటుతోపాటు వేడి ఆవిరి కూడా కావాలి. రేపు ఎవరైనా దరఖాస్తు పెడితే దాన్ని ఏ కొలతతో చూస్తారన్నది ఈరోజే తేలాలి.

మా మాట ఒక్కటే. డిజైన్ పరిశీలనను, స్థల పరిశీలనను విడదీయండి. డిజైన్‌ను ముందుగానే, మొత్తంగా, ఒక్కసారి క్షుణ్ణంగా చూసి ముద్ర వేయండి. ఏళ్లకేళ్లు ఆదా అయ్యేది అక్కడే. స్థల పరిశీలనలో మాత్రం ఒక్క నెల కూడా కోత పెట్టకండి. ఇప్పుడు దేశంలో వినిపిస్తున్న "త్వరిత అనుమతులు" అన్న మాటలో ఈ రెండూ కలిసిపోయాయి. చిన్న రియాక్టరు గనక స్థలం గురించి అంత చూడక్కర్లేదన్న ధోరణి మాకు ఆందోళన కలిగిస్తోంది.

ఇప్పటి పద్ధతిలో మండలి అనుమతి దశలవారీగా సాగుతుంది: స్థలం, నిర్మాణం, కమిషనింగ్, నిర్వహణ. నిర్మాణంలో మళ్లీ మొదటి కాంక్రీటు, ప్రధాన పరికరాల బిగింపు. కమిషనింగ్‌లో ఇంధనం నింపడం, మొదటి క్రిటికాలిటీ (విచ్ఛిత్తి గొలుసు చర్య తనంతట తాను సాగే స్థితి), ఆపైన శక్తిని మెట్టుమెట్టుగా పెంచడం. ప్రతి మెట్టు దగ్గరా ఒక డిజైన్ భద్రతా కమిటీ, దానిపైన సలహా సంఘం, ఆపైన మండలి. ఒకే ప్రభుత్వ సంస్థ ఒకే రకం భారజల రియాక్టర్లను కట్టుకుంటూ పోయినంతకాలం ఇది సాఫీగానే నడిచింది. డిజైన్ అటు కట్టేవాళ్లకూ ఇటు చూసేవాళ్లకూ తెలిసినదే కాబట్టి, వివరమైన డ్రాయింగులు పూర్తికాకపోయినా పునాది పని మొదలుపెట్టినంత మాత్రాన పెద్దగా చిక్కు రాలేదు. కొత్త డిజైన్, కొత్త యజమాని, కొత్త సరఫరాదారులు వచ్చినప్పుడు అదే అలవాటు కొంప ముంచుతుంది.

దీనికి కొవ్వాడతో నేరుగా సంబంధమున్న ఉదాహరణ ఉంది. అక్కడ ప్రతిపాదించిన, అమెరికా వెస్టింగ్‌హౌస్ సంస్థ డిజైన్ చేసిన ఏపీ–1000 రకం రియాక్టర్లనే అమెరికాలో జార్జియా రాష్ట్రం వోగ్టల్‌లో కట్టారు. 2012 ఫిబ్రవరిలో లైసెన్సు వచ్చింది. పునాది రాఫ్ట్‌కు ఊచలు కట్టాక చూస్తే, కట్టిన తీరు లైసెన్సు పత్రాల్లో ఉన్న దానితో సరిపోలలేదు. అక్కడి చట్టం ప్రకారం ఆమోదించిన డిజైన్‌లో కీలకమైనవిగా గుర్తించిన వివరాలు మారితే లైసెన్సు సవరణ కావాలి. ఆ సవరణలు తేలి మొదటి కాంక్రీటు పడేసరికి 2013 మార్చి వచ్చింది. తర్వాత ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మాడ్యూళ్లలోనూ వెల్డింగులు, పత్రాలు సరిగా లేక నెలలు గడిచాయి. 2016లో మొదలవ్వాల్సిన మూడో యూనిట్ 2023 జులైలో వాణిజ్యపరంగా నడిచింది. అదే రకం రియాక్టర్లను దక్షిణ కరోలినాలో 2017లో మధ్యలోనే వదిలేశారు. నియంత్రణ సంస్థ మొండితనమే దీనికి కారణమని కొందరు అంటారు. మేము ఒప్పుకోము. వివరమైన ఇంజినీరింగ్ పూర్తికాకుండా పని మొదలుపెట్టడం అసలు కారణం. లైసెన్సు పత్రంలో ముఖ్యమైన భద్రతా వివరాన్నీ అప్రధానమైన వివరాన్నీ ఒకే గాట కట్టడం రెండో కారణం.

కాబట్టి నియమాల్లో రెండు మాటలు స్పష్టంగా రాయండి. మొదటిది: రియాక్టరు భవనం, కంటైన్‌మెంటు (రేడియోధార్మికత బయటికి రాకుండా కాచే కట్టడం), సహాయక భవనాల పునాదులకు సంబంధించిన వివరమైన డ్రాయింగులు, ఊచల షెడ్యూళ్లు, గోడల్లో పైపులు వెళ్లే రంధ్రాల జాబితా పూర్తయి, మండలి దగ్గర నమోదైతే తప్ప మొదటి కాంక్రీటుకు అనుమతి ఇవ్వకూడదు. రెండోది: ఆమోదించిన డిజైన్‌లోని వివరాలను మూడు తరగతులుగా విడగొట్టాలి. భద్రతను నేరుగా తాకే మార్పుకు ముందస్తు ఆమోదం. పరోక్షంగా తాకే మార్పు గురించి మండలికి చెప్పి, 30 రోజుల్లో అభ్యంతరం రాకపోతే ముందుకెళ్లడం. మిగతావన్నీ కంపెనీ నాణ్యతా రికార్డుల్లో రాసుకుని, తనిఖీలో చూపించడం. ఏ వివరం ఏ తరగతిలోకి వస్తుందో పని మొదలయ్యాక వాదించుకునే బదులు లైసెన్సుతోపాటే జాబితాగా ఇవ్వాలి.

దరఖాస్తుకు ముందే డిజైన్‌ను చూసే పద్ధతి ఇంకొకటి కావాలి. కెనడా నియంత్రణ సంస్థ 19 అంశాల మీద ఇలాంటి ముందస్తు సమీక్ష చేసి, ఎక్కడ అడ్డంకి ఉందో తయారీదారుకు చెబుతుంది. అది లైసెన్సు కాదు. దానికి ఆ నియంత్రణ సంస్థ కట్టుబడాల్సిన పనీ లేదు. అయినా అసలు దరఖాస్తు వచ్చేసరికి సగం ప్రశ్నలు తేలిపోయి ఉంటాయి. అమెరికాలో టెన్నెసీ రాష్ట్రం ఓక్‌రిడ్జ్‌లో 35 మెగావాట్ల ఉష్ణ సామర్థ్యం గల హెర్మీస్ ప్రయోగ రియాక్టరుకు దరఖాస్తు స్వీకరించిన రెండేళ్లకే, 2023 డిసెంబరులో నిర్మాణ అనుమతి వచ్చింది. ఇంధనం, కరిగిన ఉప్పు శీతలకం, ప్రమాద విశ్లేషణ పద్ధతి, ఇలా ఒక్కో అంశం మీద విడి నివేదికలను ముందే ఆమోదింపజేసుకోవడం వల్లే అది సాధ్యమైంది. అదే దేశంలో 2020 మార్చిలో దరఖాస్తు పెట్టిన మరో కంపెనీకి 2022 జనవరిలో తిరస్కారం ఎదురైంది. ప్రమాదాల విశ్లేషణకు అడిగిన సమాచారం ఇవ్వలేకపోయిందన్నది కారణం. నియమాలు ఒకటే, సిద్ధపడి వచ్చిన తీరులోనే తేడా.

డిజైన్‌కు వేసిన ముద్ర కూడా దాన్ని మార్చనంతవరకే పనికొస్తుంది. నూస్కేల్ సంస్థ 50 మెగావాట్ల మాడ్యూల్‌కు 2016 డిసెంబరులో దాదాపు 12,000 పేజీల దరఖాస్తు ఇచ్చింది. ఆమోదం నియమావళిలో చేరేసరికి 2023 జనవరి అయింది. అప్పటికే కంపెనీ సామర్థ్యాన్ని 77 మెగావాట్లకు పెంచుకుంది. మళ్లీ సమీక్ష, మళ్లీ ఆమోదం 2025 మేలో. ఈలోగా మొదటి కొనుగోలుదారులతో అనుకున్న ప్రాజెక్టు ఖర్చు పెరిగి 2023 నవంబరులో రద్దయింది. మన భారత్ చిన్న మాడ్యులర్ రియాక్టరు 200 మెగావాట్లది, 55 మెగావాట్లది రెండూ మొదట తారాపూర్‌లో కట్టాలనుకుంటున్నారు. ఆ తొలి యూనిట్లు కొంతకాలం నడిచి, వాటిలో తేలిన మార్పులన్నీ డిజైన్‌లోకి ఎక్కాకే "ప్రామాణిక డిజైన్" ముద్ర ఇవ్వండి. ఆ ముద్ర పడ్డాక రెండో చోట, మూడో చోట డిజైన్‌ను మళ్లీ మొదటి పేజీ నుంచి తిరగేయవద్దు.

గడువుల విషయం. 18 నెలల్లో తేల్చాలి, 24 నెలల్లో తేల్చాలి అని గడువు పెట్టడం సులువే. గడువు ఎవరి చేతిలో జారిపోతోందో తెలియకపోతే ఆ ఒత్తిడంతా పరిశీలించే ఇంజినీరు మీద పడుతుంది. మండలి దగ్గర ఫైలు ఉన్న రోజులు, కంపెనీ జవాబు కోసం ఆగిన రోజులు విడివిడిగా లెక్కకట్టి, మూడు నెలలకోసారి వెబ్‌సైట్‌లో పెట్టండి. అడిగిన ప్రశ్నలు, వచ్చిన జవాబుల తేదీలు కూడా.

ఇప్పుడు సాంకేతికంగా కాస్త లోతైన సంగతి. మన కోడ్‌లు చాలావరకు నీటితో చల్లబడే రియాక్టర్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. అత్యవసర శీతలీకరణకు నీళ్లు ఎన్ని మార్గాల్లో రావాలి, హైడ్రోజన్ పేరుకోకుండా ఏం చేయాలి, కంటైన్‌మెంటు ఎంత ఒత్తిడికి తట్టుకోవాలి, ఇవే వాటిలోని ప్రశ్నలు. గ్యాస్ రియాక్టరులో ఈ ప్రశ్నలు సగం అనవసరం. అడగాల్సిన ప్రశ్న మరొకటి ఉంటుంది. దాని ఇంధనం గసగసాల గింజంత గుళిక. మధ్యలో అర మిల్లీమీటరు యురేనియం గింజ, చుట్టూ గుల్లగా ఉండే కార్బన్ పొర, దానిపై గట్టి కార్బన్ పొర, 35 మైక్రాన్ల సిలికాన్ కార్బైడ్ పొర, పైన మళ్లీ గట్టి కార్బన్. అంతా కలిపి మిల్లీమీటరు లోపే. 1600 డిగ్రీల దాకా వేడెక్కినా విచ్ఛిత్తి పదార్థాలను లోపలే పట్టి ఉంచే పని ఆ సన్నని సిలికాన్ కార్బైడ్ పొరదే. అంటే ఇక్కడ అసలైన కంటైన్‌మెంటు ఇంధన తయారీ కేంద్రంలో తయారవుతుంది. పూత పూసే కొలిమిలో వాయువుల పాళ్లో, ఉష్ణోగ్రతో కాస్త తప్పితే పొర మందం మారుతుంది, లేదా లోపలి పొర చిట్లుతుంది. లక్ష గుళికల్లో ఏ కొద్దింటికో మించి లోపం ఉండకూడదన్నది ఈ రంగంలో పాటించే స్థాయి. కాబట్టి గ్యాస్ రియాక్టరుకు లైసెన్సు ఇచ్చేటప్పుడు ఇంధనం తయారయ్యే బ్యాచ్‌ల నమూనా పరీక్షలు, వికిరణ పరీక్షలు, తిరస్కరించిన బ్యాచ్‌ల రికార్డు రియాక్టరు లైసెన్సులోనే భాగం కావాలి. ఇంధన కేంద్రానికి వేరే ఫైలు, రియాక్టరుకు వేరే ఫైలు అంటే ఈ సంబంధమే తెగిపోతుంది.

విశాఖ గ్యాస్ రియాక్టరు దగ్గర మరో చిక్కుంది. 2000 సంవత్సరంలో బార్క్ సౌకర్యాలను నియంత్రణ మండలి పరిధి నుంచి తప్పించి, బార్క్ సొంత భద్రతా కౌన్సిల్‌కు అప్పగించారు. డిజైన్ చేసేదీ బార్క్, కట్టేదీ బార్క్ ఆవరణలో, భద్రత చూసేదీ బార్క్ కౌన్సిల్. ఆ శాస్త్రవేత్తల సామర్థ్యం మీద మాకు ఏ అనుమానమూ లేదు. కానీ రేపు ఇదే డిజైన్‌ను పరిశ్రమలకు అమ్మాలంటే మండలి దాన్ని మొదటి నుంచి చూడాల్సి వస్తుంది. అప్పుడు రెండింతల కాలం పడుతుంది. ఈ తొలి యూనిట్‌నే మండలి పరిధిలోకి తెచ్చి, దాన్ని డిజైన్ సమీక్షకు ప్రయోగశాలగా వాడుకోండి. దీంతోపాటు మండలికి సాంకేతిక విశ్లేషణ చేసిపెట్టే నిపుణులు డిజైన్ బృందం నుంచి వచ్చినవాళ్లు కాకూడదని నియమం పెట్టండి. 2015 మార్చిలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ బృందం మండలి స్వతంత్రతను చట్టంలో పొందుపరచాలని సూచించింది. చట్టం వచ్చింది కాబట్టి, మండలి సొంతంగా కోర్ భౌతికశాస్త్రం, ఉష్ణ ప్రవాహం, పదార్థ విజ్ఞానంలో లెక్కలు కట్టగల బృందాన్ని పెంచుకోవడానికి డబ్బు, ఉద్యోగాలు కేటాయించాలి.

తెలిసిన డిజైన్ కూడా ఒక్కోసారి అనుకోని చోట దెబ్బతీస్తుంది. 2016 మార్చిలో కాక్రాపార్ 220 మెగావాట్ల భారజల రియాక్టరులో శీతలక గొట్టం లీకైంది. గొట్టం బయటివైపు తుప్పు మచ్చలు కనిపించాయి. చుట్టూ తిరిగే కార్బన్ డయాక్సైడ్ వాయువులో కలిసిన మలినాలు కారణమని దర్యాప్తులో తేలింది. సిలిండర్లలో కొనే సహాయక వాయువు నాణ్యత అంత దూరం తీసుకెళ్లింది. ఇదే 220 మెగావాట్ల డిజైన్‌ను ఇప్పుడు భారత్ చిన్న రియాక్టరు పేరుతో పరిశ్రమల సొంత అవసరాలకు ఇవ్వాలని చూస్తున్నారు. అందరూ ఒకే సంస్థలో ఉన్నప్పుడు ఇలాంటి అనుభవం ఫోన్ మీదే మిగతా కేంద్రాలకు చేరేది. పది కంపెనీలు నడిపేటప్పుడు వాణిజ్య రహస్యం అడ్డొస్తుంది. పరికర వైఫల్యాలు, తుప్పు, లీకులు, మానవ తప్పిదాల వివరాలు 24 గంటల్లో మండలికి, 30 రోజుల్లో మిగతా యజమానులందరికీ చేరాలన్నది లైసెన్సు షరతు కావాలి.

ఫ్యాక్టరీలో తయారయ్యే మాడ్యూళ్ల తనిఖీ గురించి క్లుప్తంగా చెబుతాం. నియంత్రణ మండలి ఇన్‌స్పెక్టరు స్థలంలో కూర్చుంటే చూడగలిగేది తక్కువ. పీడన పాత్ర ఫోర్జింగ్ దగ్గర, మొదటి వెల్డింగు దగ్గర, రేడియోగ్రఫీ ఫిల్ములు చదివేటప్పుడు, హీలియం లీకు పరీక్షకు ముందు, లారీకి ఎక్కించే ముందు పని ఆపి చూపించాలని షరతు పెట్టాలి. ఫ్రాన్స్‌లో ఫ్లమన్‌విల్ రియాక్టరు పాత్ర మూతలో, అడుగు భాగంలో కార్బన్ ఒకచోట ఎక్కువగా పేరుకున్న సంగతి పాత్రను బిగించాక బయటపడింది. స్థలానికి చేరాక దొరికిన లోపాన్ని సరిచేయడానికి ఏళ్లు పడుతుంది.

ఇక మా నేల దగ్గరికి వద్దాం.

ప్రామాణిక డిజైన్‌కు ముద్ర వేసేటప్పుడు భూకంప తీవ్రత, నేల గట్టిదనం, భూగర్భ నీటి మట్టం, గాలి వేగం, వరద మట్టం ఇంత లోపు ఉంటాయని ఒక హద్దు గీసుకుంటారు. డెల్టా ఆ హద్దుల్లో ఇమడదన్న అనుమానంతోనే పరిశీలన మొదలవ్వాలి. ఇక్కడ ఒండ్రు పదుల మీటర్ల లోతు. పైన నల్లరేగడి బంక, కింద ఇసుక, మధ్యమధ్య మెత్తని బురద పొరలు. చాలా ఊళ్లలో నీళ్లు ఒకటి రెండు మీటర్లలోనే తగులుతాయి, తీరం వైపు అవీ ఉప్పునీళ్లే. కొన్ని కొత్త రియాక్టర్లను భద్రత కోసం భూమిలోకి దించుతున్నారు. కెనడా డార్లింగ్టన్‌లో కడుతున్న రియాక్టరు గుంత లోతు 35 మీటర్లు దాటుతుంది. అక్కడ కింద రాయి ఉంది. ఇక్కడ 30 మీటర్లు దిగితే అడుగు పలక మీద చదరపు మీటరుకు దాదాపు 30 టన్నుల నీటి ఒత్తిడి పైకి తోస్తుంది. ఉప్పులోని క్లోరైడ్లు కాంక్రీటులోకి ఇంకి ఊచలను తినేస్తాయి. 60 ఏళ్లు నిలవాల్సిన కట్టడానికి ఇది చిన్న విషయం కాదు. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. అలాంటి కుదుపుకు వదులైన తడి ఇసుక పట్టు తప్పి ద్రవంలా మారుతుందా అన్నది ప్రతి బోరులో, ప్రతి పొరలో పరీక్షించాలి. గోదావరి ఇసుక మీద పునాది ఎంత జాగ్రత్త అడుగుతుందో 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగినప్పుడు దేశమంతా చూసింది. ప్రారంభమై నాలుగేళ్లే అయింది. పునాది కింద ఇసుక కొట్టుకుపోవడం అందులో ప్రధానంగా చర్చకొచ్చిన కారణం.

నీటి లెక్క ఇంకా ముఖ్యం. 200 మెగావాట్ల రియాక్టరు కరెంటుగా మార్చలేక వదిలేసే వేడి 400 మెగావాట్లకు పైనే. దాన్ని సముద్రపు నీటితో నేరుగా చల్లార్చాలంటే, వదిలే నీరు 7 డిగ్రీలకు మించి వేడెక్కకూడదనుకుంటే సెకనుకు 14 ఘనపు మీటర్లు, అంటే 500 క్యూసెక్కులు తోడాలి. కూలింగ్ టవర్లు పెడితే ఆవిరయ్యేది 5 క్యూసెక్కుల దాకా. వినడానికి తక్కువే. కానీ మా కాలవలు ఏటా ఏప్రిల్ నుంచి జూన్ దాకా మరమ్మతులకు కట్టేస్తారు. దాళ్వాకు ధవళేశ్వరం దగ్గరికి చేరే నీళ్లలో చాలా భాగం సీలేరు విద్యుత్ కేంద్రాలు వదిలితే వచ్చేవే. నీళ్లు చాలని ఏడాది వంతులవారీ తడులు ఇస్తారు. ఆ వంతులో రియాక్టరు ముందా, వరి ముందా? ఈ ప్రశ్న రాకుండా ఉండాలంటే డెల్టా కాలవ నీటిని ఆధారంగా చూపే దరఖాస్తును స్థల దశలోనే తిప్పిపంపాలి. సముద్రపు నీరైతే తోడే చోట వరదల్లో కొట్టుకొచ్చే గుర్రపుడెక్క, ఒండ్రు, జెల్లీచేపలు జల్లెడలను మూసేస్తాయి. కల్పాక్కంలో జెల్లీచేపలతో ఆ ఇబ్బంది అనుభవమే. కాకినాడ అఖాతంలో, కోరంగి మడ అడవుల అంచున పెరిగే రొయ్య, చేప పిల్లల సంగతి పర్యావరణ నివేదికలో ఒక పేరాతో ముగించేది కాదు.

ఆపేసిన రియాక్టరు కూడా వేడి విడుస్తూనే ఉంటుంది. ఉష్ణ సామర్థ్యం 650 మెగావాట్లు అనుకుంటే, ఆపిన క్షణంలో 40 మెగావాట్లు, గంట గడిచాక 10, మూడో రోజుకు రెండున్నర. కరెంటు, పంపులు లేకుండా 72 గంటలు తట్టుకోవడం చాలా కొత్త డిజైన్లకు కొలబద్ద. ఆ తర్వాత తొట్టెల్లో నీళ్లు నింపాలి. రోజుకు 80, 90 టన్నులు. పదివేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిదో తొమ్మిదో. 1986 ఆగస్టులో గోదావరి 35 లక్షల క్యూసెక్కులతో వచ్చి ఏటిగట్లు తెగినప్పుడు, 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ఊడ్చేసినప్పుడు ఆ ట్యాంకర్లు ఏ దారిన వచ్చేవి? కాజ్‌వే మునిగితే లంక గ్రామాలకు పడవే గతి. గాలి ఉంటే పడవా నడవదు. కాబట్టి డెల్టా స్థలాలకు 72 గంటలు కాకుండా, గత విపత్తుల్లో రోడ్డూ కరెంటూ ఎన్ని రోజులు తెగిపోయాయో లెక్కతీసి దానికి రెండింతలు, ఎట్టి పరిస్థితుల్లోనూ 7 రోజులకు తగ్గకుండా, బయటి సాయం లేకుండా చల్లబడే ఏర్పాటు అడగండి. వరద మట్టం లెక్కలో పోలవరాన్ని కూడా కలపాలి. 194 టీఎంసీల జలాశయం ఏ కారణంగానైనా తెగితే కింద నీరు ఎంత ఎత్తున వస్తుందో చూపకుండా డెల్టాలో ఏ అణు కేంద్రానికీ స్థల అనుమతి ఉండకూడదు. ఉప్పెనకైతే వందేళ్ల రికార్డు చాలదు. 1839లో కోరంగి రేవును తుడిచేసిన తుపాను ఆ వందేళ్లలో లేదు.

పాత గ్యాస్ కేంద్రాల స్థలాలు చూపించేవారికి మరో మాట. 1995 జనవరిలో పాశర్లపూడి బావి మండి రెండు నెలలకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో పైపు నుంచి లీకైన గ్యాస్ తెల్లవారుజామున ఊరిమీద పరుచుకుని, నిప్పు తగిలి 20 మందికి పైగా చనిపోయారు. రియాక్టరు నియంత్రణ గది గాలి పీల్చుకునే మార్గం దగ్గరికి అలాంటి మేఘం వస్తే ఏమవుతుంది, డీజిల్ జనరేటర్లు ఆ గాలినే పీలిస్తే ఏమవుతుంది అన్న విశ్లేషణ తప్పనిసరి. ప్రతి పైపులైను వ్యాసం, పీడనం, రెండు వాల్వుల మధ్య నిల్వ ఉండే గ్యాస్ ఎంతో పైపు యజమానులు మండలికి ఇవ్వాలని నియమం ఉండాలి.

నిషిద్ధ వలయం (రియాక్టరు చుట్టూ జనావాసం ఉండకూడని మేర) విషయంలో మా అభిప్రాయం కొంత భిన్నంగా ఉంటుంది. మండలి 2014 కోడ్ ప్రకారం రియాక్టరు చుట్టూ కనీసం 1 కిలోమీటరు వలయం ఉండాలి. అంటే 776 ఎకరాలు. దాన్ని 500 మీటర్లకు తగ్గిస్తే 194 ఎకరాలు. ప్రమాదంలో రియాక్టరు నిజంగా తక్కువ రేడియోధార్మికత విడుదల చేసేదైతే తగ్గించడాన్ని మేము వ్యతిరేకించం. డెల్టాలో ఎకరం విలువ మాకు తెలుసు. అయితే తగ్గింపు మెగావాట్లను బట్టి కాదు, జనానికి తగిలే రేడియేషన్ మోతాదును బట్టి జరగాలి. అమెరికా 2023 నవంబరులో తెచ్చిన నియమం, ప్రమాదం జరిగిన 96 గంటల్లో హద్దు దగ్గర 10 మిల్లీసీవర్టులు (శరీరానికి తగిలే రేడియేషన్ మోతాదు కొలత) దాటే అవకాశాన్ని లెక్కగట్టి అత్యవసర వలయం ఎంతో తేల్చమంటుంది. అదే మంచి దారి. ఆ లెక్కకు వాడిన ప్రమాద దృశ్యాలు, గాలి వివరాలు ప్రజల ముందు పెట్టాలి. ఎందుకంటే ఇప్పటి 16 కిలోమీటర్ల అత్యవసర వలయం విస్తీర్ణం 804 చదరపు కిలోమీటర్లు. 2011 లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకు 800 మందికి పైగా ఉన్న కోనసీమలో అది ఆరు లక్షల జనం. వాళ్లను పంట్ల మీద ఏరు దాటించే ప్రణాళిక కాగితం మీద కూడా నిలవదు. చిన్న వలయానికి అర్హత సాధించలేని డిజైన్ డెల్టాకు పనికిరాదు. ఇంతకు మించి వాదన అక్కర్లేదు.

రొయ్య గురించి చెప్పకపోతే మా భీమవరం మిత్రులు ఊరుకోరు. 2025 ఆగస్టులో ఇండోనేసియా రొయ్యల్లో సీజియం–137 కనిపించిందని అమెరికా ఆహార సంస్థ హెచ్చరించింది. నమూనాలో తేలింది కిలోకు 68 బెక్వెరల్‌లు (రేడియోధార్మికత కొలత), చర్య తీసుకోవాల్సిన స్థాయి 1200. మూలం రియాక్టరు కాదు, పారిశ్రామిక వాడలో తుక్కు లోహం. అయినా సరుకు వెనక్కి వచ్చింది. 2023–24లో దేశం 60,523 కోట్ల రూపాయల సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేస్తే అందులో పెద్ద వాటా మా రాష్ట్రానిదే. కాబట్టి స్థల పరిశీలన మొదలైన రోజు నుంచే చెరువు నీరు, అడుగు మట్టి, రొయ్య, కాలవ ఒండ్రు, తీరపు ఇసుకల్లో సీజియం, ట్రిటియం, థోరియం కుటుంబం ఎంతుందో మూడేళ్లు కొలిచి ప్రచురించండి. సార్వా, దాళ్వా, కాలవలు కట్టేసిన నెలలు, వరద తగ్గిన వారం, అన్నీ రావాలి. తీరపు ఇసుకలో మోనజైట్ (థోరియం ఉండే ఖనిజం) ఉన్నచోట సహజంగానే రీడింగు ఎక్కువ. అది ముందు రాసి ఉండకపోతే రేపు ప్రతి రీడింగూ గొడవే. నమూనాల్లో సగం కంపెనీతో సంబంధం లేని విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో కొలవాలి.

పరిహారం సంగతి కూడా ఇక్కడే. శాంతి చట్టం ఉష్ణ సామర్థ్యాన్ని బట్టి యజమాని బాధ్యతను తరగతులుగా చేసింది. 150 మెగావాట్ల లోపు 100 కోట్లు, 150 నుంచి 750 దాకా 300 కోట్లు. రేడియేషన్ చేరకపోయినా, విడుదల జరిగిందన్న అధికారిక ప్రకటన వల్ల సరుకు ఆగిపోతే ఆ నష్టం ఇందులోకి వస్తుందా? నియమాల్లో అవునని రాయండి. రాకపోతే ఆక్వా రైతులకు విడిగా బీమా ఉండాలని లైసెన్సు షరతు పెట్టండి.

స్థలాన్ని ముందే తేల్చుకోవచ్చనడానికి డార్లింగ్టనే సాక్ష్యం. ఏ రియాక్టరు పెడతారో తేలకముందే, పెట్టబోయే దాని గరిష్ఠ హద్దులను తీసుకుని అక్కడ పర్యావరణ పరిశీలన ముగించారు. స్థల సన్నాహక లైసెన్సు 2012లోనే ఇచ్చారు. డిజైన్ ఎంపికయ్యాక నిర్మాణ లైసెన్సు 2025 ఏప్రిల్‌లో వచ్చింది. మన దగ్గర కూడా ప్రభుత్వమే కొన్ని స్థలాలను తీసుకుని బోర్లు, వరద నమూనాలు, మూడేళ్ల వాతావరణ రికార్డు, నేపథ్య రేడియేషన్ పూర్తిచేసి, 15 ఏళ్లు చెల్లే స్థల ధ్రువపత్రం ఇవ్వవచ్చు. పనికిరాని స్థలం డబ్బు పెట్టకముందే తేలిపోతుంది. అది డెల్టాలోని స్థలమైనా మేము సంతోషంగానే స్వీకరిస్తాం.

ప్రజాభిప్రాయ సేకరణకు ఇప్పుడు పర్యావరణ నివేదిక సారాంశం మాత్రమే తెలుగులో వస్తుంది. ప్రాథమిక భద్రతా విశ్లేషణ నివేదికలో భద్రతా దళాలకు సంబంధించిన భాగాలు తీసేసి మిగతాది బయటపెట్టండి. ప్రమాద దృశ్యాలు, వరద, నీరు, అత్యవసర ప్రణాళిక అధ్యాయాలకు పూర్తి తెలుగు పాఠం ఇవ్వండి. విచారణకు 60 రోజుల ముందు అవి మండల కార్యాలయాల్లో, రొయ్య రైతుల సంఘాల దగ్గర ఉండాలి.

కొత్త చట్టం కింద ముసాయిదా నియమాలు వెలువడినప్పుడు వ్యాఖ్యలకు 60 రోజుల గడువు ఇవ్వండి. పైన చెప్పిన ప్రతి అంశం మీద నియమంలో చేర్చదగిన వాక్యాలను, లెక్కలతో సహా, రాతపూర్వకంగా పంపుతాం. మండలి నిపుణులు రాజమహేంద్రవరం వస్తే ఏటిగట్లు, లాకులు, తీరం, పాత గ్యాస్ కేంద్రాల పరిసరాలు దగ్గరుండి చూపిస్తాం. జులై, ఆగస్టుల్లో వరద ఉన్నప్పుడు ఒకసారి, మేలో కాలవలు కట్టేసినప్పుడు ఒకసారి రమ్మని కోరుతున్నాం.

ఇట్లు,
కాకినాడ, రాజమహేంద్రవరం, అమలాపురం, భీమవరం ప్రాంతాల ఇంజినీర్లు, భూగర్భ శాస్త్రజ్ఞులు, ఆక్వా సాంకేతిక నిపుణులు

ప్రతులు: అణుశక్తి నియంత్రణ మండలి అధ్యక్షులకు, ఆంధ్రప్రదేశ్ ఇంధన శాఖ మంత్రి గారికి